ఎంగిలి అనే మాట, ప్రభువు బల్ల



ఈసారి లేఖన భాగంతో కాకుండా ఒక తెలుగు మాటతో మొదలుపెడుతున్నాము. ఆ మాట ఎంగిలి. పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా మన ఇళ్లలో ఇది ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టి చూడండి. బిడ్డ సగం కొరికిన బిస్కెట్టు ఎంగిలి. తిన్న కంచం ఎంగిలి, తిన్న చెయ్యి ఎంగిలి, ఆ చేత్తో ముట్టుకుంటే కూర గిన్నె ఎంగిలి. చెంబు పెదవికి తగిలితే నీళ్లు ఎంగిలి. వేలు తడిచేసి పుస్తకం పేజీ తిప్పితే పుస్తకం కూడా ఎంగిలే. బైబిలు పేజీలు అలా తిప్పవద్దని సండేస్కూలు పిల్లలకు మనమే చెబుతుంటాము కదా. నోట్లో ఊరే నీటికీ, తినగా మిగిలిన మెతుకుకూ, తింటున్న చేతికీ, తిని వదిలిన ఆకుకూ అన్నిటికీ ఒకటే పేరు. ఇంగ్లీషు చదివిన మన పిల్లల్ని దీనికి సరైన ఇంగ్లీషు మాట చెప్పమని అడిగాము. ఉమ్మికి ఒక మాట చెప్పారు, మిగిలిన అన్నానికి ఇంకో మాట చెప్పారు. రెండింటినీ కలిపే మాట వాళ్లకు దొరకలేదు.

అయితే ఈ మాటను మనం ఎప్పుడూ అసహ్యంగానే వాడతామా అంటే అదీ కాదు. చుట్టం వస్తే "ఏదో కాస్త ఎంగిలిపడి వెళ్లండి" అంటాము. అంటే రెండు మెతుకులు తినమని ప్రేమగా బతిమాలటం. పిల్లలు జీడిముక్కను చొక్కా అంచులో చుట్టి, పైనుంచి కొరికి, సగం స్నేహితుడికిస్తారు. దాని పేరు కాకెంగిలి. గుడ్డ అడ్డం ఉంది కనుక ఎంగిలి కాలేదని వాళ్ల లెక్క. చిలక కొట్టిన జామపండు కోసం పోట్లాడుకోని పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు? అది చిలక ఎంగిలని ఎవరూ పారేయరు, పైగా అదే తియ్యగా ఉంటుందంటారు. తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యే రోజు పేరే ఎంగిలిపూల బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాడు వస్తుంది. ముందురోజే కోసి ఉంచిన పూలు కనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు, ఇంకా వేరే కారణాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా, ఒక పండుగ ఈ మాటను నెత్తిన పెట్టుకుంది. ఇక పిసినారిని గురించి మన పెద్దలు అనే మాట మీకు తెలిసిందే, వాడు ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడని. చేతికంటిన నాలుగు మెతుకులు కాకికి పోతాయని వాడి భయం.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. మన చుట్టుపక్కల భాషలన్నిటిలో దీని తోబుట్టువులున్నాయి. తమిళంలో, మలయాళంలో ఎచ్చిల్ అంటారు. కన్నడంలో ఎంజలు. తుళులోనూ ఇంచుమించు అదే. తమిళంలో ఎంజు అనే క్రియ ఒకటుంది. మిగులు, వెనుక నిలిచిపో అని దాని అర్థం. ద్రావిడ భాషల పండితులు ఈ మాటలన్నిటినీ ఆ కుదురులోనే చేర్చారు. అంటే ఈ మాట పుట్టినప్పుడు దానిలో ఉమ్మి లేదు, మురికి లేదు, ఉన్నది మిగలడం ఒక్కటే. నోటి తడి తర్వాత వచ్చి చేరింది.

సంస్కృతంలోనూ ఇదే కథ. ఉచ్ఛిష్టం అంటే మిగిలినది. శేషం, అవశేషం అని మనం వాడే మాటలు ఆ ధాతువు నుంచే వచ్చాయి. మరాఠీ వాళ్లు ఎంగిలిని ఉష్టం అంటారు, అది ఉచ్ఛిష్టం అరిగిపోయిన రూపం. అథర్వవేదం పదకొండో కాండలో యజ్ఞంలో మిగిలిన ఉచ్ఛిష్టాన్ని గురించి ఒక సూక్తమే ఉంది. లోకాలన్నీ ఆ మిగిలిన దాని మీదే ఆనుకొని ఉన్నాయని అది పొగుడుతుంది. హిందీ వాళ్ల జూఠా మరోదారిన వచ్చింది. అది జుష్ట అనే పాత మాట నుంచి వచ్చిందంటారు, దాని అర్థం ఇష్టపడినది, ఆస్వాదించినది. ఒకరు ఇష్టంగా రుచి చూసినది అన్న మాట చివరికి ఛీ అనే మాటగా తేలింది. ప్రసంగాలు చెప్పే మాలాంటి వాళ్లకు ఇందులో ఒక ఓదార్పు కూడా ఉంది. లోకంలో ఉన్న సాహిత్యమంతా వ్యాసుడి ఉచ్ఛిష్టమే అని పండితులు ఒప్పుకున్నాక, ఆదివారం మేము చెప్పేది పాతవాళ్ల ఎంగిలేనని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోనక్కర లేదు.

మరి మిగిలినది అనే సాధువైన మాటకు ఇంత అసహ్యం ఎక్కడ అంటింది? శుభ్రత కోసమే అంటే మాకు నమ్మకం కుదరదు. మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుందని వైద్యులు చెబుతారు. దాదాపు అంతా నీరే. నమిలిన అన్నంలోని పిండిని చక్కెరగా మార్చే పని అక్కడే మొదలవుతుంది, అందుకే మెతుకు ఎక్కువసేపు నమిలితే తియ్యబడుతుంది. సూక్ష్మజీవులను చంపే పదార్థమూ అందులో ఉందని, పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే అంతకు ముందు 1922లో తేల్చాడు. రోజంతా దాన్ని మనమే మింగుతుంటాము. బయటికి వచ్చిన మరుక్షణం మనది మనకే రోత. దాన్ని మేము తప్పు పట్టడం లేదు, దేవుడు పెట్టిన జాగ్రత్తే అనుకుందాం. కానీ శుభ్రతే అసలు సంగతైతే ఎవరి ఎంగిలైనా ఒకటే కావాలి. ఇంటిముందు ఎంగిలాకు ఎవరు వేశారు, ఎవరు ఎత్తారు అన్న లెక్క ఉండకూడదు.

ఆ లెక్క ఉంది. ఎంగిలి పైనుంచి కిందికి దిగితే ప్రసాదం, దయ, ఆనవాయితీ. కింది నుంచి పైకి పోతే అపచారం. దేవునికి పెట్టినది భక్తునికి, గురువు తిన్నది శిష్యునికి, మగడు తిన్న కంచంలో పెళ్లానికి, ఆసామి ఇంట్లో మిగిలింది పాలేరుకు. ఈ వరుసలో ఒక్క మెట్టయినా వెనక్కి తిప్పి చూడండి, మాట రుచి మారిపోతుంది. మనుస్మృతి ఐదో అధ్యాయంలో కొన్ని నోళ్లకు మినహాయింపు ఇచ్చారు. పాలు చేపే దూడ నోరు, పండు రాల్చే పక్షి నోరు, వేటలో జింకను పట్టే కుక్క నోరు శుద్ధమేనట. స్త్రీ నోరు కూడా ఎప్పుడూ శుద్ధమేనన్నారు. దూడకూ కుక్కకూ దొరికిన ఆ మినహాయింపు ఊరి చివర మనిషి నోటికి దొరకలేదు. కాశీలో చెప్పులు కుట్టి బతికిన భక్త రవిదాసు ఈ చిక్కుముడినే పట్టుకొని పాడుకున్నాడు. పాలను దూడ ముట్టింది, పువ్వును తుమ్మెద ముట్టింది, నీటిని చేప ముట్టింది, ఎంగిలి కానిది తెచ్చి నీకెలా అర్పించను అని ఆయన ప్రశ్న. సిక్కుల గ్రంథంలో ఆ కీర్తన ఉంది.

జనం గుండెకు కూడా ఈ మెట్లు నచ్చలేదని మా అభిప్రాయం. లేకపోతే శబరి కథ పుట్టేది కాదు. వాల్మీకి రామాయణంలో శబరి అడవి పండ్లు సేకరించి ఉంచుతుందే తప్ప కొరికి ఇవ్వదు. కొరికి చూసి తియ్యనివే రాముడికి పెట్టిందన్నది తర్వాత జనం కలుపుకున్న ముక్క. ఆ ముక్కే నేడు అందరికీ గుర్తున్నది. శ్రీకాళహస్తి తిన్నడి కథా అంతే. బోయవాడు మాంసం రుచి చూసి మరీ శివుడికి పెడతాడు, నోటినిండా నీళ్లు పట్టి తెచ్చి అభిషేకం చేస్తాడు. పోతన భాగవతంలో గొల్లపిల్లలు చల్దులు విప్పుకొని కృష్ణుడి చుట్టూ కూర్చుంటారు. మన పొరుగువారి విశ్వాసంలోని ఈ కథలను మేము చిన్నచూపు చూడము. ఎంగిలి పైకెక్కితే ఎలా ఉంటుందో అవి ఊహించాయి. అయితే ఆ కథ విని కళ్లు తుడుచుకున్న ఊరే సాయంత్రం టీ కొట్టు దగ్గర రెండు రకాల గ్లాసులు పెట్టింది, అదీ చెప్పాలి.

ఊహకూ బతుక్కూ మధ్య ఎంత దూరమో తెలియాలంటే ఓంప్రకాశ్ వాల్మీకి రాసిన ఆత్మకథ చదవాలి. హిందీలో 1997లో వచ్చింది, పేరు జూఠన్, అంటే ఎంగిలి మెతుకులు. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా పల్లెలో ఆయన పుట్టాడు. పెళ్లి విందు అయ్యాక విస్తళ్లలో మిగిలిన పూరీ ముక్కలు ఏరుకొచ్చి, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకునేవాళ్లమని రాశాడు. ఒక పెళ్లిలో ఆయన తల్లి, విస్తళ్లు ఎత్తే గంప పక్కన పెట్టి, నా పిల్లలకు కూడా కాస్త వేరే భోజనం పెట్టించండయ్యా అని అడిగింది. గంప నిండా ఎంగిలి ఉంది కదా, ఇంకేం కావాలి అన్నట్టు ఆసామి గద్దించాడు. ఆమె ఆ గంపను అక్కడే కుమ్మరించి, పిల్లల్ని తీసుకొని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మన సంఘంలో డెబ్బై దాటిన తల్లులకు ఈ పుస్తకం చదివి వినిపించాల్సిన పని లేదు. ఆ గంప బరువు వాళ్ల నడుముకు తెలుసు.

అంబేద్కరు గారు 1936లో అచ్చువేసిన కులనిర్మూలనలో పీష్వాల నాటి పూనా సంగతి రాశారు. అంటరానివారు మెడలో మట్టి ముంత కట్టుకొని నడవాలి. ఉమ్మితే ఆ ముంతలోనే. నేలమీద పడితే, తెలియక దాన్ని తొక్కినవాడు మైలపడతాడని. ఒక మనిషి నోటి తడి నేలకు కూడా తగలకూడదన్న శాసనం అది. ఆ ముంతను గుర్తుపెట్టుకోండి, ముందు దాని పని ఉంది. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అందులో నేరాల జాబితా ఎక్కడ మొదలవుతుందో తెలుసా? తినకూడని, రోత పుట్టించే పదార్థాన్ని బలవంతంగా తినిపించడం, తాగించడం. చట్టం రాసినవాళ్లకు తెలుసు, అవమానం మొదట నోటికే జరుగుతుందని.

ఇప్పుడు మార్కు సువార్త ఏడో అధ్యాయం తెరవండి. సాధారణంగా మనం ఈ అధ్యాయాన్ని మూడు ప్రసంగాలుగా కోసి, మూడు వేరు వేరు ఆదివారాలు చెబుతాము. ఒకే బిగిన చదివితే అది ఎంగిలి అధ్యాయం.

మొదటి భాగంలో చేతులు. శిష్యులు కడుక్కోని చేతులతో రొట్టె తిన్నారని పరిసయ్యులూ శాస్త్రులూ తప్పు పట్టారు. ఇది సబ్బుతో చేతులు కడగడం గురించిన గొడవ కాదని మీకు తెలుసు. ఆచారశుద్ధి గొడవ, మన భాషలో మడి గొడవ. బయటినుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రపరచదని, లోపలినుంచి బయటికి వచ్చేదే అపవిత్రపరుస్తుందని ప్రభువు జవాబిచ్చాడు. మత్తయి ఇదే సంగతి రాస్తూ నోరు అనే మాటే వాడాడు, నోటిలోనికి పోయేది, నోటినుంచి వచ్చేది అని. ప్రభువు నోటిని విడిచిపెట్టలేదు, దిక్కు మార్చాడు. కాపలా పళ్ల ముందు కాదు, గుండె దగ్గర పెట్టమన్నాడు.

రెండో భాగంలో ముక్కలు. ఆయన తూరు ప్రాంతానికి వెళ్తాడు. అక్కడ సురోఫెనికయ స్త్రీ తన కూతురి కోసం కాళ్లమీద పడుతుంది. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదని ఆయన అన్న మాట మనకు గుచ్చుకుంటుంది. వ్యాఖ్యానాలు దీన్ని మెత్తబరచడానికి ఎన్నో దారులు వెతికాయి. ఆయన పరీక్షించాడని, ముద్దుగా అన్నాడని. మేమూ ఆ దారుల్లో నడిచి చూశాము, గుచ్చుకోవడం పూర్తిగా పోలేదు. పోకపోవడమే మంచిదేమో. ఎందుకంటే మన పెద్దలు విన్న మాట సరిగ్గా అదే. ఆ తల్లి మాత్రం వెనక్కి తగ్గలేదు. బల్ల కింద పడ్డ ముక్కలు కుక్కపిల్లలు తింటాయి కదా ప్రభువా అంది. ఎంగిలి మెతుకునే సాక్ష్యంగా నిలబెట్టి వాదించింది. జూఠన్‌లో తల్లి గంప కుమ్మరించింది, ఈ తల్లి ఆ గంపనే ఎత్తి చూపించింది. ఇద్దరూ బిడ్డల కోసమే నిలబడ్డారు, ఇద్దరిలో ఎవరిది విశ్వాసమని మమ్మల్ని అడిగితే తూచలేము. ప్రభువు ఆమె మాటకు లోబడ్డాడు. ఈ మాట చెప్పినందువల్లనే నీ కూతురు బాగుపడిందని ఆయనే ఒప్పుకున్నాడు. సువార్తల్లో వాదనలో ఆయన మీద పైచేయి సాధించిన మనిషి ఆమె ఒక్కతే అని మేము అనుకుంటాము.

మూడో భాగంలో ఉమ్మి. అక్కడి నుంచి దెకపొలి ప్రాంతం మీదుగా వస్తాడు. అదీ ఎక్కువగా అన్యజనుల ప్రాంతమే. చెవుడు, నత్తి ఉన్న ఒకణ్ణి తీసుకొస్తారు. ప్రభువు అతణ్ణి గుంపు నుంచి పక్కకు తీసుకెళ్లి, చెవుల్లో వేళ్లుంచి, ఉమ్మివేసి, అతని నాలుక ముట్టాడు. రాకపోకల్లో ఎంతకాలం గడిచిందో గానీ, రాతలో కొన్ని వచనాలే. ముక్కల గురించి వాదన జరిగిన వెంటనే, తన నోటి తడిని పరాయివాడి నాలుకకు అందించాడు. ఇంతకంటే ఎంగిలి ఏముంటుంది? బేత్సయిదాలో గుడ్డివాడి కళ్లమీద ఉమ్మివేశాడు. యోహాను సువార్తలో అయితే నేలమీద ఉమ్మి, బురద చేసి, పుట్టుగుడ్డివాడి కళ్లకు పూశాడు. పూనా ముంత గుర్తుందా? అక్కడ నేలకు తగిలితే నేల మైలపడే ఉమ్మి, ఇక్కడ నేలతో కలిసి మందయ్యింది. ఆ రోజుల్లో ఉమ్మికి మందు గుణం ఉందని లోకమంతా నమ్మేది, వెస్పాసియను చక్రవర్తి కూడా అలెగ్జాండ్రియాలో అలాగే ఒక గుడ్డివాణ్ణి బాగుచేశాడని రోమా చరిత్రకారులు రాశారు. కనుక పద్ధతి కొత్తది కాదు. కానీ చక్రవర్తి ఉమ్మి పైనుంచి కిందికి దిగిందే. ఈయన తర్వాత తానే ముఖమంతా సైనికుల ఉమ్మి వేయించుకున్నాడు. రెండు దిక్కులూ ఆయన శరీరం మీదనే కలిశాయి.

ఆ వెంటనే ఎనిమిదో అధ్యాయంలో నాలుగువేల మంది తింటారు, మిగిలిన ముక్కలు ఏడు గంపలు. ఎంగిలి అనే మాట మొదటి అర్థం అక్కడ తిరిగి వస్తుంది, మిగలడం. ఇదే తీరు రూతు గ్రంథంలోనూ ఉంది. బోయజు పొలంలో పరిగె ఏరుకుంటున్న రూతుకు మధ్యాహ్నం పేలాలు పెడతారు. ఆమె తిని, కడుపు నిండాక మిగిల్చి, సాయంత్రం ఆ మిగిలింది అత్తకు తెచ్చి పెడుతుంది. కోడలి ఎంగిలి అత్త తిన్నది. మన ఇళ్లలో ఎంతమంది అత్తలు తింటారో అడగము గానీ, ఆ వచనం మీద ప్రసంగం విన్న గుర్తు ఎవరికైనా ఉంటే చెప్పండి.

సమరయ స్త్రీ సంగతీ చూడాలి. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను రాసిన చోట గ్రీకు మాటకు కలిపి వాడుకోవడం అనే అర్థం కూడా ఉంది. వాళ్ల పాత్రలు వీళ్లు వాడరని దాన్ని అర్థం చేసుకున్న పండితులున్నారు. ప్రభువు దగ్గర చేద లేదు. ఆమె కడవతోనే తాగాలి. దోసిట్లో పోయమని ఆయన అనలేదు. ఎత్తి పోసుకుంటానని కూడా అనలేదు. నాకు దాహమునకిమ్మని అడిగాడు, అంతే. దాహం అడిగితే నీ చేతి నీళ్లు నేనెలా ఇవ్వను అని ఆశ్చర్యపోయింది ఆమే. మనలో కొందరి తాతలకు అలాగే దోసిట్లో పోశారు, ఇంకొందరి తాతలు అలాగే పోశారు. ఇద్దరి మనవలూ ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు.

ఇంతదూరం ఎందుకు వచ్చామో చెబుతాము. కోవిడ్ తర్వాత మన సంఘంలో ప్రభువు సంస్కారం సరిగ్గా ఎలా ఇవ్వాలన్న మాట తేలలేదు. కొందరికి మళ్లీ ఒకే పాత్ర కావాలి. కొందరు చిన్న గిన్నెలు అలవాటైపోయాయి అంటున్నారు. ఈమధ్య ఇంకో కోరిక వచ్చింది, ఎవరి గిన్నె వారు ఇంటి నుంచి తెచ్చుకుంటే ఏమని. కారణం అడిగితే, ఒకరి ఎంగిలి ఒకరికి ఎందుకు అయ్యగారూ అన్నారు.

జబ్బుల భయం ఉత్తది అని మేము అనము. జలుబు, నోటి పూత లాంటివి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. క్షయ మాత్రం గిన్నె వల్ల కాదు, దగ్గితే, తుమ్మితే గాలి ద్వారా వస్తుంది. ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు గనుక, దగ్గు ఉన్నవారు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, రెండు వారాలు దాటితే ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న గిన్నెలు కూడా పాపం కావు. అమెరికాలో 1890ల దశకంలో సూక్ష్మజీవుల సంగతి జనానికి కొత్తగా తెలిసినప్పుడు అక్కడి సంఘాలు వాటిని మొదలుపెట్టాయి. కొరింథులో కూడా వంద గిన్నెలున్నా పౌలుకు కోపం వచ్చేది కాదేమో. ఆయనకు కోపం వచ్చింది ముందు వచ్చినవాళ్లు కడుపునిండా తిని, ఆలస్యంగా పనినుంచి వచ్చిన పేదలకు ఏమీ మిగల్చనందుకు. ఎంగిలి కూడా మిగల్చలేదు వాళ్లు.

కాని ఇంటి గిన్నె వేరే సంగతి. మన దేశపు సంఘానికి ఆ గిన్నె పాత పరిచయం. తమిళ దేశంలో నూరేళ్లకు పైగా ఒకే మందిరంలో కులానికో వైపు కూర్చున్నారు, పాత్ర మొదట పై కులస్తులకు వెళ్లేది. కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ 1833లో ఇది ఇక చెల్లదని ఉత్తరం రాస్తే, తంజావూరులోనూ మద్రాసులోనూ ఎంతోమంది సంఘాన్ని విడిచి వెళ్లారు. వాళ్లు త్రిత్వాన్ని కాదనలేదు, బాప్తిస్మాన్ని కాదనలేదు. పాత్ర అంచు దగ్గర ఆగిపోయారు. వాళ్లు శుభ్రత పేరే చెప్పారో, ఇంకేం చెప్పారో గానీ, ఆ పాత్ర అంచుకు ఎవరి పెదవి ముందు తగిలింది అన్నదే వాళ్ల బాధ.

మాకు కనబడే గుర్తు ఒకటుంది. ఎంగిలి అంటే భయపడే మనిషి పెళ్లి విందులో అందరూ వాడిన స్టీలు గ్లాసుతో నీళ్లు తాగుతాడు, బస్టాండు హోటల్లో ఎవరు తిన్నారో తెలియని కంచంలో ఇడ్లీ తింటాడు. పట్నంలో ఎవరిదో తెలియని ఎంగిలి ఆయనకు అభ్యంతరం కాదు. తెలిసినవాళ్ల ఎంగిలే అభ్యంతరం. ఇక్కడ బెంచీ మీద పక్కన కూర్చున్నది ఎవరో, వాళ్ల ఇల్లు ఊళ్లో ఏ వైపో తెలుసు గనుక గిన్నె ఇంటి నుంచి తేవాలనిపిస్తోంది. ఇది సూక్ష్మజీవి పని కాదు. ఇల్లు అడ్రసు చూసి కరిచే సూక్ష్మజీవి ఇంకా పుట్టలేదు. ఈ కోరిక అడిగినవారందరి మనసులో ఇదే ఉందని మేము అనడం లేదు. అందులో ఇద్దరు ముసలివాళ్లు నిజంగా నోటి పుండ్లతో బాధపడుతున్నారు, వారికి వేరే గిన్నె ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మిగిలినవారికి మా జవాబు, తేవద్దు. ఇంటి గిన్నె బల్ల దగ్గరికి వస్తే ఇంటి వీధి కూడా దాని వెంట వస్తుంది.

పెద్దలతో మాట్లాడి కుదుర్చుకున్నది ఇది. రొట్టె ఒక్కటే ఉంటుంది, బల్ల ముందే విరుస్తాము, ముందుగా ముక్కలు కోసి తేము. ద్రాక్షరసం ఒకే పాత్రలో పెట్టి, ప్రార్థన అయ్యాక అందరి ఎదుటే చిన్న గిన్నెల్లోకి పోస్తాము. గిన్నెలు మందిరానివే, అన్నీ ఒకే రకం స్టీలువి. ఒకే పాత్రలో తాగాలని ఉన్నవారికి ఆ పాత్ర కూడా చివర్లో తిరుగుతుంది, ఎవరినీ బలవంతపెట్టము. ఏ బెంచీ నుంచి మొదలుపెట్టాలన్నది నెల నెలా మారుతుంది, ఈ నెల వెనక తలుపు దగ్గర నుంచి. అంట్లు తోమే పని ఇప్పటిదాకా ఇద్దరు అక్కలే చేస్తున్నారు. ఆ అంట్లు అనే మాటలో కూడా అంటు ఉంది, గమనించండి. ఇకనుంచి ఇంటికొక వంతు. మగవాళ్లకు మినహాయింపు లేదు, సంఘ పెద్దలకు అసలే లేదు. వంతుల కాగితం తలుపు లోపల అంటించాము, పేర్లు ఇళ్ల వరుసలో కాక చీట్లు తీసి రాశాము.

గిన్నెలు ప్రస్తుతం నలభైయే ఉన్నాయి. పండుగకు ఊరికి వచ్చేవారితో కలిపి మనం నూటికి పైగా అవుతాము. కొత్తవి కొనేదాకా మొదటి వరుస తాగిన గిన్నెలనే వేడినీళ్లలో కడిగి రెండో వరుసకు, మళ్లీ కడిగి మూడో వరుసకు ఇస్తాము. ఆలస్యమవుతుంది, ఆ సేపు పాటలు పాడుకుందాం. కాగుకు కట్టెలు తెస్తామన్నవారు శనివారం సాయంత్రానికి మందిరం వెనక వేసి వెళ్లండి.